పదకొండో నంబరు అద్దం

నేను ఒక అద్దాన్ని. అద్దం అనగానే మీకు మీ ముఖం గుర్తొస్తుంది. అందులో మీ తప్పేమీ లేదు, మా జాతి మీకు అలా అలవాటు చేసింది. నేను మాత్రం ముఖాలు చూసుకునే అద్దాన్ని కాను. నా వెడల్పు పాత రూపాయి బిళ్ళకంటే కాస్త ఎక్కువ. నా వెనక ఒక చిన్న గుండు కీలు, దానికి సన్నటి ఉక్కు కడ్డీ. కడ్డీని లాగితే మూర పొడవు సాగుతుంది, నెడితే జేబులో పట్టేంత అవుతుంది. కీలు మీద నా తల ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మనిషి తల దూరని చోట దూరి, మనిషి కన్ను అందుకోలేని వైపు చూసి, ఉన్నది ఉన్నట్టు చూపించడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళు విమానాల పొట్టల్లో ఆ ఉద్యోగం చేశాను.

ఇప్పుడు నా కీలు వదులైంది. కీలు వదులైన అద్దం విమానంలోకి పోకూడదు, తల ఊడి లోపల పడితే ప్రమాదం. అందుకని నాకు ఒక ఎర్ర చీటీ కట్టి, మెకానిక్కులకు పాఠాలు చెప్పే బడిలో ఒక సొరుగులో పెట్టారు. నాకేమీ బాధ లేదు. వదులైనదాన్ని గమనించి పక్కన పెట్టారంటే, నేను నేర్పిన పాఠం నా మీద కూడా అమలైందన్నమాట.

నేను పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. నన్ను చేసినాయన పేరు తెలియదు. ఆయన ఎడమ చూపుడు వేలికి గోరు లేదన్నది మాత్రం గుర్తుంది. నాతోపాటు ఆ రోజు పుట్టినవాళ్ళు పదహారు మంది. వాళ్ళలో సగం మంది పళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళారు. పాపం, జీవితమంతా మనుషుల నోళ్ళలోకి చూస్తూ గడిపి ఉంటారు. నేను ఒక పనిముట్ల కొట్లో గాజు బల్ల మీద కూర్చున్నాను.

నన్ను కొన్నది కట్టా రాజారత్నం గారు. తెనాలి మనిషి, విమానాల ఇంజనీరు. కొట్లో నన్ను చేతిలోకి తీసుకున్న మిగతావాళ్ళంతా ముందు పళ్ళు చూసుకున్నారు. ఆయన మాత్రం నన్ను బల్ల కిందికి తోసి, అడుగు వైపు చూశాడు.

"మొహం చూసుకోకుండా అద్దం కొంటున్నారేంటి సార్?" అన్నాడు కొట్టు మనిషి.

"నా మొహం నాకు తెలుసులేవయ్యా. నీ బల్లకి చెద పట్టిందని నీకు తెలుసా?"

కొట్టు మనిషి వంగి చూసి, నా సంగతి మరిచిపోయి వడ్రంగికి ఫోన్ చేశాడు.

రాజారత్నం గారి దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. విమానం వయసు ఏళ్ళలో చూడకూడదు అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన పూరీ కథ చెప్పేవాడు. విమానం పైకి లేచినప్పుడు, లోపల జనం ఊపిరి తీసుకోవడానికి గాలి నింపుతారు. అప్పుడు దాని పొట్ట నూనెలో వేసిన పూరీలాగా కాస్త పొంగుతుంది. దిగినప్పుడు మళ్ళీ చప్పబడుతుంది. మన కంటికి కనపడనంత తక్కువే, కానీ పొంగడం పొంగడమే. రోజుకు ఆరుసార్లు, ఏడుసార్లు. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపు దగ్గర తెగుతుంది కదా. విమానం రేకు కూడా అంతే. అయితే తీగ చెప్పకుండా తెగుతుంది. విమానం ముందుగా చెబుతుంది, సన్నగా, ఒక వెంట్రుకంత పగులుతో. వినేవాడు ఉండాలి.

"ముసలి విమానం ప్రమాదం కాదురా," అనేవాడు. "ముసలిదని మరిచిపోవడం ప్రమాదం."

ఒక్కసారి ఆయన నన్ను విమానం కాని విమానం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఏ ఊరో, ఎవరిదో చెప్పను. ఒక కొండ వాలు మీద అది ముక్కలై పడి ఉంది. కారణం వెతికే బృందంలో ఆయనను రమ్మన్నారు. నాలుగు రోజులు వెతికారు. చివరికి ఒక రేకు అంచున నేను దాన్ని చూశాను. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఆ రేకు మీది పాత జిగురును గీకారు. చెక్క ముక్కతో గీకాలి. ఆ పూట చెక్క ముక్క దొరకలేదో, దొరికినా చాలా నెమ్మదిగా ఉందనిపించిందో, కత్తి వాడారు. ఒక గీత పడింది. దాని మీద రంగు వేశారు. బట్టల కొట్లో కత్తెరతో ఒక చిన్న గాటు పెట్టి, తరవాత చేత్తో ఒక్క లాగు లాగుతారు చూడండి, ఆ గీత ఆ గాటు. తొమ్మిదేళ్ళపాటు ఆకాశం దాన్ని లాగింది.

ఆ వాలు మీద ఒక వారపత్రిక కాగితం దొరికింది. గళ్ళ నుడికట్టు. మూడు గళ్ళు తప్ప అన్నీ నిండి ఉన్నాయి. రాజారత్నం గారికి ఆ మూడూ తెలుసు, ఆయన చాలా తొందరగా నింపేవాడు. ఆ రోజు నింపలేదు. మడిచి సంచిలో పెట్టి, దాని మీద నంబరు రాశాడు. అప్పటి నుంచి ఆయన పని మొదలుపెట్టే ముందు నన్ను ఒకసారి కాదు, రెండుసార్లు తుడిచేవాడు. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

పదవీ విరమణ రోజున ఆయన నన్ను తన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీరు కోరాడ పైడితల్లి చేతిలో పెట్టాడు. విజయనగరం అమ్మాయి. ఊళ్ళో అమ్మవారి పేరు పెట్టారు, హైదరాబాదులో అందరూ పైడి మేడం అంటారు. తీరుబడిగా ఉన్నప్పుడు మనలాగే మాట్లాడుతుంది, కోపం వస్తే మాత్రం విజయనగరం బయటికి వస్తుంది.

మా హ్యాంగరు, అంటే విమానాలను నిలబెట్టి బాగుచేసే పెద్ద షెడ్డు, అందులో ఒక మూల పనిముట్ల గది ఉంది. దానికి ఒక కిటికీ. లోపల గోడకు పెద్ద చెక్క. చెక్క మీద ప్రతి పనిముట్టు ఆకారమూ నల్ల రంగుతో గీసి ఉంటుంది. పనిముట్టు తీసుకున్నవాళ్ళు ఆ ఖాళీలో తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించి వెళ్ళాలి. సాయంత్రానికి ఒక్క నల్ల నీడ ఖాళీగా ఉన్నా విమానం కదలదు. లోపల మరిచిపోయిన స్క్రూడ్రైవరు వెళ్ళి తోకను కదిపే తీగల్లో ఇరుక్కుంటే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. ఆ గదికి రాణి భాగ్యమ్మ. సికిందరాబాదు మనిషి. ఆమె లెక్క తప్పడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. సొంత పనిముట్లు కూడా ఆ లెక్కలోకే రావాలి కాబట్టి, అక్కడే నా వీపు మీద పదకొండు అని చెక్కారు.

అయితే మనుషులు నియమాన్ని ఎంత గౌరవిస్తారంటే, దానికి దండం పెట్టి పక్క దారిన పోతారు. పనిముట్లన్నీ కిటికీ దగ్గర అప్పగించాకే, విమానం ఎగరొచ్చని కాగితం మీద సంతకం చేయాలని నియమం. కిటికీ విమానానికి రెండు వందల అడుగుల దూరం. కాబట్టి అందరూ విమానం పక్కనే, ట్రాలీ మీద పనిముట్లు లెక్కపెట్టుకుని సంతకం చేసేసేవారు. తరవాత ట్రాలీ నింపాదిగా కిటికీకి వెళ్ళేది. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం మనుషులకు గొప్ప ధైర్యాన్నిస్తుంది.

ఒక గురువారం మధ్యాహ్నం. హైదరాబాదు నుంచి రాజమండ్రి వెళ్ళే విమానం, ఇరవై నాలుగేళ్ళది, తోక దగ్గర చిన్న గొట్టం మార్చడానికి హ్యాంగరుకు వచ్చింది. రేకు పనిలో పెద్ద చెయ్యి షేక్ మస్తాన్ గొట్టం మార్చాడు. పైడితల్లి నాతో చూసింది. పనిముట్లు ట్రాలీ మీద పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. సంతకం చేసింది. విమానాన్ని ట్రాక్టరుకు తగిలించారు. మస్తాన్ నమాజుకు, పైడితల్లి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ట్రాలీ మీద మేం పదకొండు మందిమి మిగిలాం.

అప్పుడు వచ్చారు ఇందుకూరి రామభద్రరాజు గారు. భీమవరం వైపు మనిషి, విమానాలు వేళకు బయల్దేరేలా చూసే మేనేజరు. నూట ఎనభై రోజులుగా ఒక్క విమానమూ ఆలస్యం కానివ్వనందుకు ఆ సాయంత్రం ఆయనకు శాలువా కప్పబోతున్నారు. అందుకోసం పొద్దున్నే మీసానికి రంగు వేసుకున్నారు. రంగు సమంగా అంటిందా లేదా అని మధ్యాహ్నం దాకా ఆయనకు మనశ్శాంతి లేదు.

ట్రాలీ మీద నేను మెరిశాను. అటూ ఇటూ చూసి నన్ను తీశారు.

కొట్లోంచి బయటపడ్డాక నేను దగ్గరగా చూసిన మొదటి ముఖం అది. ముఖం కూడా కాదు, మీసం. ఎడమ వైపు బాగుంది. కుడి కొసన రెండు వెంట్రుకలు తెల్లగా ఉండిపోయాయి. ఉన్నది ఉన్నట్టు చూపించాను. ఆయన నొచ్చుకున్నారు. ఇంతలో ఫోను మోగింది. "ఆయ్, వచ్చేత్తన్నానండి" అంటూ నన్ను చొక్కా జేబులో వేసుకుని నడిచారు. దొంగతనం కాదు. పెన్ను తీసుకుని జేబులో పెట్టుకునే మనుషుల అలవాటు, అంతే.

తరవాత కిటికీ దగ్గర జరిగింది నేను భాగ్యమ్మ నోట విన్నాను. ఆమె దాన్ని నెలకోసారి చెప్పేది.

"పదకొండు దీస్కపోయిండ్రు, పది తెచ్చిండ్రు. అద్దమేది?"

"ట్రాలీ మీదే ఉంది, సరిగ్గా చూడు భాగ్యమ్మా," అన్నాడు మస్తాన్.

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్. నీ ట్రాలీ నువ్వు చూస్కో."

చూశారు. ట్రాలీ కింద చూశారు, జేబులు చూశారు. పైడితల్లి పరుగెత్తి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది, వెనకే మిగతా ఇద్దరూ వచ్చారు.

సంగతి తెలిసి రాజు గారు ఉరుకుతూ వచ్చారు. ఆయన జేబులో నేను పెన్నుకూ చిన్న టార్చిలైటుకూ మధ్య ఎగిరెగిరి పడుతున్నాను.

"ఏంటమ్మా ఇది! నలభై ఒక్క మంది బోర్డింగు పాసులు పట్టుకుని కూర్చున్నారు. అద్దం కోసం విమానం ఆపుతావా? ఎంతుంటుందది?"

"రూపాయి బిళ్ళంత సార్."

"రూపాయి బిళ్ళంత దానికా?"

"తోకలో తీగల మధ్య పడితే అదే చాలు సార్. పైలెట్ ఎంత లాగినా తోక కదలదు."

"నువ్వు లెక్కపెట్టావా లేదా?"

"పెట్టాను. పదకొండున్నాయి."

"సంతకం చేశావా?"

"చేశాను."

"మరింకేంటి?"

"చేశాను కాబట్టే సార్ ఆపాను."

రాజు గారు గొంతు తగ్గించారు. "భాగ్యమ్మా, లోపల కొత్త అద్దం ఒకటి ఉండాలి కదూ?"

"ఉన్నది సార్. డబ్బల."

"దాన్ని తగిలించెయ్. చెక్క నిండిపోద్ది."

"చెక్క నిండుతది సార్. ఇమానంల పడ్డది ఏడికి వోతది?"

నేను ఇక్కడున్నానని అరవాలనిపించింది. కానీ అద్దానికి చూపించడమే వచ్చు, చెప్పడం రాదు. పైగా జేబు గుడ్డ తప్ప చూపించడానికి నా ముందు ఏమీ లేదు.

"మా అత్తగారు కూడా అందులోనే వెళ్తన్నారమ్మా," అన్నారు రాజు గారు దీనంగా. "ఆలస్యమైతే నా గతేంటో మీకు తెలీదు."

"అయితే ఒక్క ముక్క చెప్పండి సార్," అన్నాడు మస్తాన్. "గట్టిగా వెతకమంటారా, ఓ మోస్తరుగా వెతకమంటారా?"

హ్యాంగరంతా నవ్వింది. రాజు గారికీ నవ్వొచ్చింది, ఆయన ఛాతీ కదిలి నేను కదిలాను. నవ్వు ఆగాక ఆయన పైడితల్లిని పక్కకు పిలిచారు.

"నీ సంతకం తప్పని నువ్వే రాస్తావా? ఆ సంతకం చేసే హక్కు రావడానికి నీకు ఎన్నేళ్ళు పట్టింది?"

"పదేళ్ళు సార్."

"రాస్తే ఆపేస్తారు. ఎంతకాలమో తెలీదు. ఆలోచించుకో."

ఆమె గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలియదు, నేనున్నది రాజు గారి జేబులో. ఆయన గుండె మాత్రం చాలా వేగంగా కొట్టుకుంటోంది.

"ఆలోచించడానికి ఏటుంది సార్," అంది పైడితల్లి. "నలభై ఒక్కమందిని ఎక్కించి, అద్దం బయటే ఉందిలే అనుకుంటూ ఇంటికెళ్ళి అన్నం తినగలనా? ఎనక్కి లాగించండి."

విమానాన్ని వెనక్కి లాగారు.

గంటన్నర వెతికారు. నా కోసం తొమ్మిది మంది మోకాళ్ళ మీద పాకుతుంటే, నాకు కాస్త గర్వంగానూ చాలా సిగ్గుగానూ ఉంది. తోక విప్పారు, సామాన్ల గది విప్పారు, సీట్ల కింద చూశారు. ఎవరివో చెవి దిద్దులు రెండు, ఒక పాలపీక, పదమూడు వేరుశనగ గింజలు దొరికాయి. అద్దం దొరకలేదు.

"ఇక మిగిలింది వంటగది అడుగే," అన్నాడు మస్తాన్. విమానం వెనక భాగంలో, కాఫీలూ టిఫిన్లూ సర్దే ఇరుకు చోటును వాళ్ళు వంటగది అంటారు. అక్కడ నేల అంచున చిటికెన వేలంత సందు ఉంది. వాళ్ళ లెక్కలో నేను దాంట్లోంచి జారిపోయి ఉండొచ్చు.

"అది విప్పాలంటే పూట పట్టుద్ది," అన్నారు రాజు గారు. "ఇంకో అయిదు నెలల్లో పెద్ద తనిఖీ ఉంది కదా, అప్పుడెలాగూ విప్పుతారు. అద్దం అక్కడుండదమ్మా, నా మాట విను."

"ఉండదని మీరు రాసిస్తారా సార్?"

ఆయన పెన్ను నా పక్కనే ఉంది. ఆ క్షణం గురించి నేను తరవాత చాలాసార్లు ఆలోచించాను. పెన్ను కోసం ఆయన జేబులో చెయ్యి పెట్టి ఉంటే నేను దొరికిపోయేదాన్ని. అందరూ నవ్వుకునేవారు, విమానం ఎగిరిపోయేది. ఆయన చెయ్యి ఛాతీ దాకా లేచింది. అక్కడ ఆగింది. తెలియనిదాన్ని తెలుసని రాయడానికి ఆయనకు చేతులు రాలేదు. శాలువా, అత్తగారు, నూట ఎనభై రోజులు, అన్నీ కలిసి ఆయన చేత ఎన్నో మాటలు అనిపించాయి కానీ అబద్ధం మాత్రం రాయించలేకపోయాయి.

"విప్పండి," అన్నారు.

నేల పలకలు పైకి లేచాయి. మొదట మస్తాన్ గొంతు వినిపించింది.

"యా అల్లా! మేడం, ఇటు చూడండి."

పలకల కింద అడ్డంగా ఉండే దూలం కొసంతా తెల్లటి పొడి. అల్యూమినియానికి పట్టే తుప్పు అలాగే ఉంటుంది, సున్నంలాగా. మస్తాన్ వేలితో నొక్కితే లోహం మడత కాజా పొరల్లా విడిపోయింది. ఆయన వేలు వాసన చూసుకున్నాడు.

"మేడం, ఇది సాంబారు."

"ఏటీ?"

"ఒట్టు. సాంబారూ, కాఫీనూ. ఇరవై నాలుగేళ్ళది."

నిజమే. రోజుకు రెండు చుక్కలు ఒలికినా చాలు. తుడిచే గుడ్డ పైనే తిరుగుతుంది, చుక్క సందులోంచి కిందికి దిగుతుంది. చింతపండు పులుపు, ఉప్పు, తడి. ఆ విమానం నాలుగు తుఫానులు దాటింది, రెండుసార్లు పిడుగు తిన్నది. వాటికి చలించలేదు. సాంబారు దాన్ని తినేసింది.

"దూలం సరే," అంది పైడితల్లి పడుకుని తల లోపలికి పెట్టి. "దీని వెనక పొట్ట రేకు ఎలా ఉందో చూడాలి. అద్దం ఉంటే బాగుండేది."

"చీకటిగా ఉందమ్మా, లైటు నా దగ్గరుంది ఉండు," అంటూ రాజు గారు ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి మోకాళ్ళ మీద వంగి, జేబులోంచి టార్చి లాగారు.

టార్చితోపాటు నేనూ వచ్చాను.

నేను పలక మీద పడి, టంగుమని, రెండు చుట్లు తిరిగి ఆగాను. పదకొండు నంబరు పైకి. వెతకడానికి తనూ ఎక్కిన భాగ్యమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రాజు గారి ముఖం చూసే ధైర్యం నాకు కూడా లేదు.

మస్తాన్ ముందుగా తేరుకున్నాడు. "సార్, మీసం బాగానే కుదిరింది. కుడి పక్క కొద్దిగా..."

పైడితల్లి తల బయటికి తీసింది. నన్ను తీసుకుంది. చొక్కా చేతి మీద ఒకసారి తుడిచింది, మరొకసారి తుడిచింది. కడ్డీ లాగి, దూలం వెనక్కి నా తల తిప్పింది. రాజు గారు టార్చి పట్టుకున్నారు. మస్తాన్ ఆ చెయ్యి కింద తన చెయ్యి ఆనించాడు.

చూశాను. పొట్ట రేకు మీద, రేకుల్ని కలిపి పట్టే ఒక రివెట్టు మేకు దగ్గర మొదలై పక్క మేకుకు, అక్కడి నుంచి మూడోదానికి, సన్నగా, నల్లగా, జానెడు.

"ఉంది," అంది పైడితల్లి.

ఒక్కొక్కరూ పడుకుని చూశారు. చివర రాజు గారు చూశారు. చూసి, లేచి అక్కడే నేల మీద కూర్చుని ఫోన్ తీశారు.

ఆ మధ్యాహ్నమే ఆ విమానం పడిపోయేదని నేను చెప్పను. చూడనిది చెప్పకూడదు. ఇంకో వంద పొంగులు తట్టుకునేదేమో, ఇంకో మూడు వందలేమో. తరవాత వచ్చిన నిపుణుల్ని మస్తాన్ అడిగాడు, పెద్ద తనిఖీ దాకా అయిదు నెలలు ఆగేదా అని. ఆ పందెం మేమైతే కాయం అన్నారు వాళ్ళు.

రాజు గారు నేల మీద కూర్చునే ఫోన్ చేశారు. "ఆ రాజమండ్రి విమానం ఇయ్యాళ కదలదండి. ఆలస్యం కాదండి, రద్దు. వాళ్ళని రైల్లోనో బస్సుల్లోనో పంపే ఏర్పాటు చెయ్యండి. అద్దం దొరికిందండి. ఎక్కడంటే... రాసుకోండి. ఇందుకూరి రామభద్రరాజు చొక్కా జేబులో. ఆయ్, జేబులోనే."

ఫోన్ పెట్టి, "మా అత్తగారికి ఏం చెప్పనయ్యా?" అన్నారు.

"రైలు దిగి నడుచుకుంటూ ఇంటికెళ్తారు కదా సార్," అన్నాడు మస్తాన్ మెల్లగా. "అంతకంటే మంచి కబురు ఏముంది?"

ఆ సాయంత్రం శాలువా ఎవరికీ కప్పలేదు. అత్తగారు రైల్లో వెళ్ళారు. ఆవిడ ఏమన్నారో రాజు గారు ఎవరికీ చెప్పలేదు.

పైడితల్లి ఆ రోజే కాగితం రాసింది. పగులు సంగతి రెండో పేజీలో రాసింది. మొదటి పేజీలో రాసింది ఇది: పనిముట్లు అప్పగించక ముందే సంతకం చేశాను, ఎప్పుడూ అలాగే చేస్తున్నాను. ఆమె ఇంకెవరి పేరూ రాయలేదు. మర్నాడు మరో పద్నాలుగు కాగితాలు వచ్చాయి, పద్నాలుగు చేతిరాతల్లో, అదే మాటతో. మస్తాన్ కాగితంలో రెండు తప్పులున్నాయని భాగ్యమ్మ దిద్దించింది. పైవాళ్ళు పద్నాలుగు మందినీ ఏం చేయాలో తోచక, చివరికి తెలివైన పని చేశారు. మనుషులు కిటికీ దాకా రావడం లేదు కాబట్టి కిటికీనే విమానం దగ్గరికి పంపారు. చెక్కకు చక్రాలు బిగించారు. అప్పటి నుంచి భాగ్యమ్మ రథమెక్కిన దేవతలా విమానం రెక్క కింద కూర్చుని, ఒక్కో పనిముట్టూ తగిలించుకున్నాకే కాగితం ఇచ్చేది.

పైడితల్లి సంతకం ఒక నెల ఆగిపోయింది. ఆ నెలంతా ఆమె మస్తాన్ పక్కన కూర్చుని, అదే విమానానికి కొత్త దూలం, కొత్త రేకు బిగించింది. తక్కిన అయిదు పాత విమానాల వంటగదులూ విప్పి చూశారు. రెండింటిలో తెల్ల పొడి దొరికింది. పలకల కింద నీరు దిగని పట్ట పరిచారు. కొన్నాళ్ళు సాంబారు ఆపి పొడి చట్నీ పెట్టారు. ప్రయాణికులు ఒప్పుకోలేదు, మళ్ళీ సాంబారు వచ్చింది. ఇప్పుడు దానికి గట్టి మూత ఉంది.

నెల గడిచాక పైడితల్లికి సంతకం తిరిగి వచ్చింది. మొదటి సంతకం ఆ విమానానికే చేసింది. మా హ్యాంగరులో ఒక ఆచారం ఉంది. పెద్ద మరమ్మతు మీద సంతకం చేసినవాళ్ళు, జనంతో వెళ్ళే మొదటి ప్రయాణంలో తామూ కూర్చుంటారు. ఇది ఎక్కడా రాసి లేదు. ఆమె నన్ను కూడా తీసుకెళ్తానంది.

"తీస్కపో," అంది భాగ్యమ్మ, ఇత్తడి బిళ్ళ అందుకుంటూ. "గని వాపస్ తే. లేకుంటే మల్ల ఇమానం ఆపుత."

అన్నేళ్ళు విమానాల లోపల బతికి, నేను ఒక్కసారీ ఎగరలేదు. ఆ పొద్దున ఎగిరాను. వెనక వరుసలో, మేం బిగించిన రేకుకు సరిగ్గా పైన కూర్చున్నాం. పైకి వెళ్తుంటే విమానం పొంగింది. నాకు తెలిసింది, ఆమెకూ తెలిసింది. ఆమె అరికాళ్ళు నేలకు ఆనించి ఉన్నాయి. కొత్త దూలం కిక్కురుమనలేదు. అప్పుడు నన్ను జేబులోంచి తీసి కిటికీకి ఆనించి పట్టుకుంది. కింద గోదావరి, ఇసుక తిన్నెలు, పొద్దుటి ఎండ, వంతెన మీద పాకుతున్న రైలు. నేను పగుళ్ళు వెతికే అద్దాన్ని. అంత పెద్ద వెలుగులో ఒక్క పగులూ లేదు.

రాజమండ్రిలో చక్రాలు నేలకు తగిలాయి. తలుపు తెరిచారు. అప్పుడు మొదలైంది.

"ముందాయన సీటు వెనక్కి వాల్చేశాడండీ, నా మోకాళ్ళు పోయాయి."

"కిటికీ పక్కన ఇస్తామని రెక్క పక్కన ఇచ్చారు. రెక్క తప్ప ఏం కనపడింది?"

"ఏంటా మోత! చెవులు పనిచెయ్యట్లేదు నాకు."

ఒక పెద్దావిడ మెట్ల కింద పైడితల్లి దగ్గర ఆగింది. "ఏమ్మా, కంపెనీ పిల్లవేనా? ఈ డొక్కు విమానం ఎప్పుడు మారుస్తారు మీరు?"

"చెప్తానండి పెద్దవాళ్ళకి."

"గట్టిగా చెప్పు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కుతున్నాం."

"సరేనండి."

పైడితల్లి ఎవరికీ ఎదురు చెప్పలేదు. ప్రతి ఫిర్యాదూ శ్రద్ధగా, పాట వింటున్నట్టు విన్నది. దిగినవాళ్ళంతా విసుక్కుంటూ, ఫోన్లలో అరుస్తూ, పిల్లల్ని కసురుకుంటూ ఎండలోకి నడిచి వెళ్ళారు. అందరికంటే చివర దిగినాయన సంచి చక్రం విరిగిందని పోట్లాటకు దిగాడు. తన వస్తువులంటే ఎవరికీ లెక్క లేదన్నాడు, పై అధికారికి రాస్తానన్నాడు. ఆమె ఆయన చేతిలోంచి ఆ సంచి అందుకుంది. అది చాలా బరువుగా ఉంది. నవ్వుకుంటూ బయటి గేటు దాకా మోసింది.